సుగ్గికి బయల్దేరే ముందు: పడమటి కర్నూలు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతాల కాపరి అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు,

ఈ ఉత్తరం ఏ ఒక్క మిషనుకో కాదు. సీఎస్ఐ, బాప్టిస్టు, కథోలిక, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలకూ, రోడ్డు పక్క రేకుల షెడ్డులో బోర్డు కూడా లేకుండా నడిచే మందిరాలకూ కలిపే రాస్తున్నాను. అడగబోయేదానికి పైసా ఖర్చు లేదు గనక కమిటీ తీర్మానం అక్కర్లేదు. ఈ ఏడు సుగ్గి మొదలయ్యేలోగా, మీ సంఘంలో ప్రతి మనిషికీ కడుపులో మాట చెప్పుకోగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారా అని చూడండి. లేకుంటే కుదిరే వీలు కల్పించండి. కుదిరాక వాళ్లు ఏం మాట్లాడుకున్నారో, దేనికోసం ప్రార్థన చేసుకున్నారో మాత్రం అడక్కండి. మొదటిది మీరు చేస్తారనే నమ్మకం ఉంది. రెండోదాని కోసమే ఇంత పొడుగు ఉత్తరం.

సుగ్గి అంటే ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. పక్క జిల్లాల పాఠకుల కోసం నాలుగు మాటలు. మాది వానను నమ్ముకుని, ఆ వాన చేతిలోనే మోసపోయే నేల. పత్తి, వేరుశనగ, ఉల్లి, కంది వేస్తాం. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందే ఊళ్లు కొన్ని, ఆ కాలువను బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప ఎరగని ఊళ్లు ఎన్నో. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక, వస్తేనే అనుకోండి, ఊళ్లో చేతికి పని ఉండదు. అప్పుడు గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు, తుంగభద్ర దాటి కర్ణాటక చేలకు, బెంగుళూరులో కట్టడం పనులకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. ఈ వలసనే సుగ్గి అంటాం. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఏదో ఒక అప్పుకు జమ అయిపోయి ఉంటుంది. ఇంటికి తాళం పడుతుంది. బళ్లో సీజనల్ హాస్టల్ తెరిస్తే పిల్లలు అందులో, లేకుంటే వాళ్లూ లారీలో. ముసలి అవ్వ మాత్రం అరుగు మీద మిగిలిపోతుంది. క్రిస్మస్ చూసుకుని పోయేవాళ్లు కొందరు, అంతదాకా ఆగలేనివాళ్లు కొందరు. మళ్లీ ఉగాదికి కాస్త అటూ ఇటూగా తాళాలు తెరుచుకుంటాయి.

ఆ నెలల్లో మీ మందిరంలో సగం చాపలు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని మీరు కానుక పెట్టెలో చూస్తారు, పాటల కూటంలో చూస్తారు. నేను చెప్పదలుచుకున్నది మరొక ఖాళీ గురించి. మిరప చేను గట్టున పట్టా గుడిసెలో, చేతులు మంట పుట్టి నిద్ర పట్టని మనిషి, తన బాధ ఎవరికి చెప్పుకుంటాడు? కూలి ముఠాలో అందరూ మనవాళ్లే. అందుకే చెప్పుకోడు. ఇక్కడన్న మాట రేపటికి చేనంతా, ఎల్లుండికి ఫోన్లో ఊరంతా తిరుగుతుంది. అరుగు మీది అవ్వకు రాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఏ తలుపు కొట్టాలి? హాస్టల్లో పెద్దపిల్ల తల్లికి చెప్పుకోవాల్సింది ఎవరికి చెప్పాలి? వీళ్లంతా ప్రతి ఆదివారం మన పక్కన కూర్చుని పాడినవాళ్లే. పేర్లు తెలుసు, సాక్ష్యాలు విన్నాం, ప్రభువు బల్లలో కలిసి పాలు పొందాం. అయినా వాళ్లకు మనిషి తోడు లేదు.

పెద్ద ఆపద వస్తే మనుషులు పరిగెత్తుకొస్తారు, అందులో లోటు లేదు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచేసినప్పుడు రాఘవేంద్రుల మఠంలోకి కూడా నీళ్లొచ్చాయి. ఆ రోజుల్లో సాయానికి చెయ్యి చాపిన మనిషిని ఏ మతమని అడిగే తీరిక ఎవరికీ లేదు. వరద కంటికి కనబడుతుంది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ కనబడదు. తాగొచ్చి గొడవచేసే భర్త కనబడడు, గోడ అవతలివాళ్లకు వినబడతాడు, అంతే. పెళ్లై అయిదేళ్లైనా పిల్లల్లేని కోడలు గుళ్లో అందరికంటే గట్టిగా పాడుతుంది కాబట్టి ఆమె బాధ అసలే కనబడదు. అన్నపు పొట్లాల లారీలు ఈ కష్టాల దగ్గరికి రావు. వీటికి కావలసింది పక్కన కూర్చునే ఒక మనిషి.

మీరు అడగొచ్చు: ప్రార్థన విన్నపాలు తీసుకుంటున్నాం కదా, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది, నెలకోసారి రాత్రి ప్రార్థన ఉంది, స్త్రీల సమాజం ఉంది, యవ్వనస్తుల కూటం ఉంది, ఇప్పుడు వాట్సాప్ గ్రూపు కూడా ఉంది, ఇంకా ఏం కావాలి అని. నిజమే, అన్నీ ఉన్నాయి. వాటిలో ఏం జరుగుతుందో కూడా చూద్దాం. ఒక తల్లి చీటీ మీద కూతురి కాపురం గురించి నాలుగు ముక్కలు రాసి అయ్యగారి చేతిలో పెడుతుంది. అయ్యగారు మంచి మనసుతోనే మైకులో పేరు పెట్టి చదువుతారు. ఆ మైకుకు కట్టిన నాలుగు సౌండు బాక్సుల్లో ఒకటి వీధి వైపు తిరిగి ఉంటుంది. కూతురి అత్తగారి ఊరు మూడు మైళ్లే. కొన్నిచోట్ల ఇప్పుడు ఆరాధన ఫోన్లో లైవు కూడా వెళుతోంది కాబట్టి ఆ మూడు మైళ్లు నడవాల్సిన పని కూడా తప్పింది. మరుసటి వారం ఆ తల్లి రాసే చీటీలో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు: మా కుటుంబ క్షేమం కోసం. ఆ తర్వాత ఎప్పటికీ అదే. మన విన్నపాల చీటీలన్నీ ఒకేలా ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? కుటుంబ క్షేమం, ఆరోగ్యం, పిల్లల చదువు. దేవుడికి తప్ప ఎవరికీ అసలు విషయం తెలియకూడదని జనం నేర్చుకున్న జాగ్రత్త అది. ఆ జాగ్రత్త నేర్పింది మనమే.

రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒకరు కష్టం చెబితే నలభై చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. వాటిని తక్కువ చేయను. ఒక్కోసారి అదీ ఊరటే. కానీ ఆ నలభైమందిలో మర్నాడు ఫోన్ చేసి, రాత్రి నిద్రపట్టిందా అక్కా అని అడిగేది ఎందరు?

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సమూయేలు మొదటి గ్రంథం 23వ అధ్యాయం. దావీదు, యోనాతాను స్నేహం గురించి ప్రసంగాలు చాలా విన్నాం. అంగీ, విల్లు, బాణాల దగ్గరే ఎక్కువ ప్రసంగాలు ఆగిపోతాయి. 23వ అధ్యాయం దాకా వచ్చేవి తక్కువ. దావీదు జీఫు అడవిలో దాక్కున్నాడు. సౌలు సైన్యంతో వెతుకుతున్నా దొరకలేదు. సౌలు కొడుకు యోనాతాను మాత్రం నేరుగా ఆ అడవికి వచ్చాడు, స్నేహితుడికి దేవునియందు ధైర్యం చెప్పాడు, నిబంధన చేసుకున్నాడు, ఇంటికి తిరిగి వెళ్లాడు. ఇంట్లో ఎవరున్నారు? సౌలు ఉన్నాడు. తండ్రి ఎదుట యోనాతాను నోరు విప్పినట్టు ఎక్కడా లేదు. ఆ వెంటనే జీఫు మనుషులు గిబియాకు వెళ్లి, దావీదు మా దగ్గరే ఉన్నాడని సౌలుకు చెప్పేశారు. దావీదు జాడ యోనాతానుకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఆ రెండు పక్షాలనూ పక్కపక్కనే పెట్టి చూపించింది లేఖనం. మన సంఘాల్లో జీఫీయులు చెడ్డవాళ్లేం కాదు. చాలాసార్లు వాళ్లు మంచి ఉద్దేశంతో, ఆమె కోసం ప్రార్థించండి సిస్టర్, విషయం ఇదీ, అని మొదలుపెడతారు.

యోబు స్నేహితుల గురించీ ఒక మాట అనుకోవాలి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అంతవరకూ వాళ్లంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచాకే పుస్తకం పొడుగైంది.

చరిత్ర వైపు చూస్తే, తెలుగు దేశంలో సంఘం మహాసభల్లో పుట్టలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు పక్కన కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, నెల్లూరు జూలియా, రూతు. ఇద్దరు దొరలు, ముగ్గురు తెలుగువాళ్లు. ఆ ఏళ్లలో నెల్లూరు మిషను మూసేయాలా వద్దా అని అమెరికాలో తర్జనభర్జనలు నడిచాయి. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఆ అయిదుగురూ వంతులవారీగా ప్రార్థించి దిగివచ్చారు. ఆ సేవకుడిగా జాన్ క్లౌ ఒంగోలులో దిగింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. ఆ కొండను ప్రేయర్ మీట్ కొండ అని ఇప్పటికీ చూపిస్తారు. అక్కడికి యాత్రకు పోయొచ్చినవాళ్లు ఫొటోలు చూపిస్తారు. ఎవరూ ఆ లెక్క గురించి మాట్లాడరు: అయిదుగురే.

తర్వాత జరిగింది మన సుగ్గికి ఇంకా దగ్గరి విషయం. 1876-78 ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. అప్పుడు మన ఆదోని బళ్లారి జిల్లాలోని తాలూకా, 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా అంతే. ఆ కరువులో కోస్తాలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం సాగితే క్లౌ అందులో కొంత భాగం గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించాడు. ముఠాల మీద మేస్త్రీలుగా తన బోధకులను పెట్టాడు. పగలు మట్టి తవ్వేవాళ్లు, పని ఆగినప్పుడు కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. కూలి కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్నది మాత్రం కూలి ముఠా, పార పక్కన పార పెట్టి పనిచేసినవాళ్ల మాటామంతీ. మన విశ్వాసులు ఇప్పుడు సరిగ్గా అలాంటి ముఠాల్లోనే మిరప చేలకు పోతున్నారు. సంఘం ఊళ్లో ఉండిపోయింది, వాళ్లు దూరమైపోయారు అని మనం అనుకుంటున్నాం.

అజరయ్యగారిని తలచుకోకుండా స్నేహం మాట ఎత్తలేం. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు దేశంలో డోర్నకల్లు పక్క సేవలో ఉన్న వేదనాయకం శామ్యూల్ అజరయ్యకు అప్పుడు 35 ఏళ్లు. దొరలతో నిండిన ఆ సభలో నిలబడి, మీ త్యాగాలకూ దానాలకూ కృతజ్ఞులం గానీ మాకు కావలసింది స్నేహితులు అని నేరుగా అడిగేశాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఇండియా సేవకుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోని మిషనరీలను ఉద్దేశించి అన్న మాట అది. సభలో చాలామంది నొచ్చుకున్నారు. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు.

ఆ ప్రశ్న ఇప్పుడు దొరలకు వేయాల్సింది కాదు. అయ్యగారూ, క్షమించాలి, మీకే వేయాల్సింది. వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీకీ, కింద చాపకూ మధ్య దూరం ఎడిన్‌బరో దూరం కంటే తక్కువేం కాదు. మీరు మా ఇంటికి వస్తారు, ప్రార్థన చేస్తారు, టీ తాగుతారు, వెళ్తారు. మేం మీ ఇంట్లో ఎప్పుడైనా కూర్చుని రొట్టె తిన్నామా? అందరితో ఆ పని కుదరదని నాకూ తెలుసు. అందుకే ముగ్గురేసి అంటున్నది.

గేరుల సంగతి, అంటే కులాలవారీ వాడల సంగతి కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుతుంది. చాలా ఊళ్లలో మాల గేరిలో ఒక మందిరం, మాదిగ గేరిలో ఒక మందిరం. మధ్యలో ఒక బావి, ఒక వేపచెట్టు, నూరేళ్ల మౌనం. ఏ మిషను ఏ గేరిలో మొదట అడుగుపెట్టిందో దాన్నిబట్టి కొంత, అంతకు ముందునుంచీ ఉన్నదాన్నిబట్టి ఎక్కువ. రెండు మందిరాలను ఒకటి చేయమని నేను అడగడం లేదు. 1919లో తరంగంబాడిలో అజరయ్య అధ్యక్షతన కూర్చున్న 33 మంది సంఘాల ఐక్యత గురించి ప్రకటన చేస్తే, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడటానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. అప్పుడు కూడా మన పక్కనున్న నంద్యాల ఆంగ్లికన్లు చాలాకాలం చేరలేదు. మందిరాలు కలవడం అంత తేలిక కాదు. మిరప చేలో మాత్రం రెండు గేరులవాళ్లూ ఒకే సాలులో కోస్తారు, ఒకే పొయ్యి దగ్గర వండుకునే రోజులూ ఉంటాయి. అక్కడ ఒక సాయంత్రం ఈ గేరి ఇద్దరు, ఆ గేరి ఒకరు కలిసి ప్రార్థన చేసుకుంటే దాన్ని ఉగాదికి ఊరొచ్చాక మీరు తెంచకండి. చాలు.

ఇక డబ్బు. ఇక్కడ నా అభిప్రాయం కొంత కటువుగా ఉంటుంది. ఇంగ్లండులో 1742లో బ్రిస్టల్ మెథడిస్టు మందిరానికి అప్పు ఉండేది. ప్రతివాడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని, పన్నెండుమందికి ఒకరు వసూలు చూడాలని ఏర్పాటు చేశారు. ఇవ్వలేని బీదల వంతు తానే కడతానని ఆ ఆలోచన చెప్పిన మనిషే ముందుకొచ్చాడు. వసూలుకు ఇల్లిల్లూ తిరిగేవాళ్లకు ఎక్కడ మొగుడూపెళ్లాల గొడవలున్నాయో, ఎక్కడ తాగుడుందో తెలిసింది. మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ అది చూసి, డబ్బు కోసం కట్టిన ఆ గుంపులనే ఒకరినొకరు చూసుకునే గుంపులుగా మార్చాడు. మన పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. వారం వారం కంతు కట్టడానికి కూర్చున్న పది మంది ఆడవాళ్లకు ఒకరి ఇంటి సంగతి ఒకరికి ఏ పాస్టరుకూ తెలియనంత తెలుసు.

అయినా ప్రార్థన కోసం కూడే ముగ్గురి మధ్యకు అప్పు రానివ్వకండి. చీటీపాట అసలే వద్దు. ప్రామిసరీ నోటు మీద ఒకరికొకరు జామీను సంతకం పెట్టుకోవద్దు. జామీను ఉండేవాడికి ఏం గతి పడుతుందో సామెతల గ్రంథం ఒకటికి నాలుగుసార్లు హెచ్చరించింది, ఊరికే కాదు. అప్పు ఇచ్చినవాడి ముందు ఇవ్వాల్సినవాడు మనసు విప్పడు. వడ్డీ వచ్చాక ప్రార్థన పోతుంది. మరి సాయం? రాసుకోని సాయం చేయాలి. ఆదోని ఆసుపత్రికి ఆటో చార్జీ, అవ్వకు రెండు రోజులు కూర, ఒక సేరు బియ్యం, హాస్టల్లో పిల్లకు పండక్కి గాజులు. తిరిగి అడగాలనిపించేంత పెద్ద మొత్తమైతే దానికి బ్యాంకు ఉంది, పొదుపు సంఘం ఉంది, చివరికి సంఘం ఖజానా ఉంది. దాన్ని ఈ ముగ్గురి నెత్తిన పెట్టకూడదు.

నోరు కట్టుకోవడానికి కూడా ఒక హద్దుంది. దాన్ని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే రహస్యం పేరుతో కొన్ని ఇళ్లలో ఘోరాలు సాగుతాయి. భర్త కొడుతున్నాడంటే, చిన్నపిల్లలమీద ఎవడైనా చెయ్యి వేశాడంటే, ఎవరైనా ప్రాణం తీసుకుంటానని అన్నారంటే, అప్పుడు మౌనం స్నేహం కాదు. కొట్టినవాడు సంఘ పెద్ద అయినా, కాపరి అయినా సరే. ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098, ఏ ప్రమాదానికైనా 112, మనసు కుంగినవాళ్లకు 14416, ఈ నంబర్లు మందిరం గోడ మీద వాక్యం పక్కనే రాయించండి. ముందు కొన్నాళ్లు ప్రార్థన చేసి చూద్దాం అనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి. ప్రార్థన చేస్తూనే ఫోన్ చేయొచ్చు.

మగవాళ్ల గురించి కొంచెం. ఆడవాళ్లు బోరింగు దగ్గరో, కలుపు తీసేటప్పుడో ఏదో ఒకరకంగా చెప్పుకుంటారు. మన మగవాళ్లకు ఆ అలవాటు లేదు. జిన్నింగు మిల్లులో రాత్రి పాళీలో పక్కపక్కనే పనిచేసే ఇద్దరు విశ్వాసులు ఏళ్ల తరబడి వాన గురించి, పత్తి రేటు గురించి, ఎలక్షన్ల గురించి మాట్లాడుకుంటారు. ఒకడికి కిడ్నీ జబ్బని రెండోవాడికి సమాధుల తోటలోనే తెలుస్తుంది. మగ్గం గుంటలో కూర్చున్న ఎమ్మిగనూరు నేతన్నకూ ఇదే కథ. వెస్లీ 1738లో చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు మగవాళ్లను వేరుగా, ఆడవాళ్లను వేరుగా, పెళ్లైనవాళ్లను కానివాళ్లను వేరుగా కూర్చోబెట్టాడు. మన ఊళ్లలో ఆ పద్ధతి తేలికే. మగవాళ్లకు కూర్చుని కళ్లలోకి చూస్తూ మాట్లాడటం రాదు. ఏదో పని చేస్తూ మాట్లాడతారు. ఎద్దులను కడుగుతూ, ఉగ్గాని తింటూ, బండి రిపేరు చేయిస్తూ. వాళ్లను మందిరంలో వలయంగా కూర్చోబెట్టి పంచుకోండి అంటే పారిపోతారు.

ఇంతకీ మీరు చేయాల్సింది ఏమిటంటే, ముగ్గురిని మీరు ఎంచకండి. ఎంచుకోమని చెప్పండి. పెద్దమనిషి, పేదమనిషి అని సమతూకం చూడకండి, కమిటీలు కాదు ఇవి. పోయేవాళ్లు తమ ముఠాలో ఒకరిని, ఊళ్లో మిగిలేవాళ్లలో ఒకరిని చూసుకుంటే చాలు. అక్కడివాడికి ఇక్కడి ఇంటి సంగతి తెలియాలి, ఇక్కడివాడు అక్కడివాడి ఇంటి అరుగు మీద అవ్వను రోజూ ఒకసారి పలకరించాలి. వారానికి ఒక ఫోను, చేను పని అయ్యాక, వంట కాకముందు. పది నిమిషాలు. పెద్ద ప్రార్థన రాకపోతే నష్టం లేదు. ఎవరికీ కుదరని మనిషి ఒకరు ప్రతి సంఘంలో ఉంటారు. కొత్తగా వచ్చిన కోడలు, జైలు నుంచి వచ్చినవాడు, కొంచెం తిక్కవాడని పేరుపడినవాడు. అలాంటి చోట మాత్రం మీరు కలగజేసుకోండి. మీ చాకచక్యం అక్కడ కావాలి.

విన్నపాల చీటీ పద్ధతి మార్చండి. మైకులో పేరు చదవాలంటే ముందు ఆ మనిషిని అడగండి. అడిగే వీలు లేకపోతే, ఒక తల్లి కోసం, ఒక తమ్ముడి కోసం అనండి. దేవుడికి ఇంటి నంబరు అక్కర్లేదు. లైవులో ప్రార్థన విన్నపాలు పెట్టకండి.

మరొకటి పల్నాడు, గుంటూరు వైపు సంఘాల పెద్దలకు. ఈ ఉత్తరం మీ దాకా వస్తే చదవండి. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటినుంచి మీ దగ్గర లూథరన్ సంఘాలున్నాయి, బాప్టిస్టులున్నారు, ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. మా జనం మీ ఊరి చివర మిరప కల్లాల పక్కన గుడిసెలు వేసుకుంటారు. ఆదివారం మీ గంట వింటారు. లోపలికి రావాలంటే బట్టలు బాగోలేవని వెనకాడతారు. మీరు వెళ్లి పిలవాలి. మావాళ్లు కూడా చేతిలో ఒక కాగితం పట్టుకెళ్లాలి. పౌలు రోమా సంఘానికి రాస్తూ చివరి అధ్యాయంలో కెంక్రేయ సంఘపు ఫీబేను పరిచయం చేసి, ఆమెకు ఏ అవసరం వచ్చినా తోడుండమని అడుగుతాడు. మన కాపరులు అలాంటి ఉత్తరం, పోయే ప్రతి కుటుంబానికీ సంఘం లెటర్ హెడ్డు మీద ఇవ్వొచ్చు. పేరు, ఊరు, కాపరి ఫోన్ నంబరు, నాలుగు మాటలు. అందులో వాళ్ల కష్టాల జాబితా రాయొద్దు. అది వాళ్లు చెప్పుకున్నప్పుడు చెప్పుకుంటారు.

చివరిగా మీ సంగతి. అయ్యగారూ, మీకెవరున్నారు? ఇంటి అద్దె, కొడుకు ఇంజినీరింగు ఫీజు, అమ్మగారి షుగరు, కానుకలు సగానికి పడిపోయే సుగ్గి నెలలు, ఆపైన ప్రసంగం తయారుచేస్తూ దేవుడు వినడం మానేశాడేమో అనిపించే రాత్రులు. ఇవి మీ సంఘంలో ఎవరికీ చెప్పలేరు, చెప్పకూడదని మీకు నేర్పారు. పక్క మిషను పాస్టరుకు చెబితే మీ విశ్వాసులను లాక్కుంటాడనే భయం ఒకటి. ఆ భయం ఉత్తది కాదు, అలా జరగడం అందరం చూశాం. అయినా ఆదోనిలో ఒకరు, కోసిగిలో ఒకరు, మంత్రాలయంలో ఒకరు, మూడు వేరువేరు మిషన్ల కాపరులు, నెలకోసారి ఎమ్మిగనూరు బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిని, ఒక గంట కూర్చుని లేవొచ్చు. ఫొటో తీసి స్టేటస్ పెట్టొద్దు. యేసు కూడా గెత్సేమనేలో ముగ్గురిని పక్కకు తీసుకెళ్లి తోడుండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు. అయినా ఆయన ఆ ముగ్గురిని వదులుకోలేదు.

మీరు ముందు కుదుర్చుకుంటే సంఘానికి వేరే ప్రసంగం అక్కర్లేదు. దసరా దాటితే మేస్త్రీలు అడ్వాన్సులు పట్టుకుని ఊళ్లలో కనబడటం మొదలవుతుంది. ఆలోగా ఒక ఆదివారం ప్రకటనల్లో ఈ మాట చెప్పండి. కానుక ఎత్తడానికి ముందు చెప్పండి, తర్వాత చెబితే సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.


ఎమ్మిగనూరు నుంచి మీ సంఘాల్లో ఒక విశ్వాసి